తాతల నాటి రివాల్వర్‌కు ఏ తూటా? వెబ్లీ, ఎన్‌ఫీల్డ్ ఉన్నవాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

“పాయింట్ 38 రివాల్వర్ అండీ, తూటాలు కావాలి” అని గన్ షాపులో అడిగితే, పని తెలిసిన డీలర్ వెంటనే పెట్టె తీయడు. ఏ కంపెనీది, బ్యారెల్ మీద ఏం రాసి ఉంది, సిలిండర్ ఎవరైనా మార్చారా అని అడుగుతాడు. .38 అని పేరున్న తూటాలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని మీ రివాల్వర్‌లో దూరవు, కొన్ని దూరతాయి గానీ పేల్చకూడదు, ఒక్కటి మాత్రమే సరైనది. ప్రమాదమంతా ఆ రెండో రకంతోనే. దూరనిది ఎలాగూ దూరదు. ఇబ్బంది లేకుండా దూరిపోయి, సిలిండర్ చక్కగా తిరిగి, ట్రిగ్గర్ నొక్కాక చేతిలో పగిలేదే అసలు ముప్పు.

మన దగ్గర పాత కుటుంబాల్లో, మాజీ సైనికాధికారుల ఇళ్లలో కనిపించే రివాల్వర్లలో చాలా వాటి మూలం బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ అండ్ స్కాట్, లేదా లండన్ దగ్గరి ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ కర్మాగారం. కొన్ని అమెరికన్ స్మిత్ అండ్ వెస్సన్‌లు, కొన్ని బెల్జియంలో చేసిన చిన్న జేబు రివాల్వర్లు. ఈ వ్యాసం ముఖ్యంగా వాటి గురించే.

ముందు కాగితాలు

తుపాకీ ముట్టుకోవడానికి ముందే లైసెన్సు చూడండి. దాంట్లో బోరు (బ్యారెల్ రంధ్రం కొలత), కంపెనీ, నంబరు రాసి ఉంటాయి. రివాల్వర్ మీది నంబరుతో సరిపోల్చండి. మన దేశంలో .38, .455 రివాల్వర్లు నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. .32, .22 ఆ నిషేధంలోకి రానివి. అందుకే .455 వెబ్లీకి తూటాలు వెతికే ముందు అది మీ దగ్గర ఏ అనుమతితో ఉందో తేలాలి.

పెద్దాయన పోయాక బీరువాలో దొరికిందా? వారసుడినే కదా అని ఉంచుకోవడం కుదరదు. 1959 ఆయుధాల చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి, ఆ తర్వాత వారసుల లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి. తుప్పు పట్టింది కాబట్టి లైసెన్సు అక్కర్లేదనే మాట మన ఊళ్లలో బాగా తిరుగుతుంది. 45వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు మరమ్మతు చేసినా పేలని ఆయుధానికే. నూనె వేసి శుభ్రం చేస్తే పనిచేసే వెబ్లీ అందులోకి రాదు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. విడి తూటాలకూ లైసెన్సు కావాలి. ట్రంకు పెట్టెలో దొరికిన పాత తూటాలు నాలుగే అయినా లెక్కే.

ఖాళీ చేయడం

వెబ్లీ, ఎన్‌ఫీల్డ్ రెండూ మధ్యకు విరిచి తెరిచే రకం. నోరు మనుషులు లేని వైపు, గట్టి నేల వైపు ఉంచి, ట్రిగ్గర్ జోలికి పోకుండా, ఎడమవైపు బొటనవేలికి అందే లాచ్‌ను నొక్కి బ్యారెల్‌ను కిందికి వంచండి. సిలిండర్ మధ్యలో నక్షత్రం ఆకారపు ఎక్స్‌ట్రాక్టర్ పైకి లేచి ఆరు తూటాలనూ బయటికి తోస్తుంది. కొన్నిసార్లు ఒక తూటా రిమ్, అంటే అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు, జారి ఆ నక్షత్రం కిందికి పోతుంది. అప్పుడు బలంగా మూయకండి, స్క్రూడ్రైవర్‌తో ఎగదోయకండి. ఏళ్ల తరబడి లోపలే ఉండి ఇత్తడి పచ్చబారి అతుక్కుపోయిన తూటా కనిపిస్తే, బ్యారెల్‌లోంచి కడ్డీ పెట్టి కొట్టే ఆలోచన అసలే వద్దు. అది ఆర్మరర్, అంటే తుపాకులు బాగుచేసే నిపుణుడి పని.

ఆరు రంధ్రాల్లోంచీ వెలుతురు చూడండి. బ్యారెల్‌లోంచి కూడా చూడండి. ఇక నుంచి చేసే పనులన్నీ తూటాలు వేరే గదిలో పెట్టి చేయాలి.

ముద్రలు చదవడం

మంచి టార్చి, భూతద్దం, మెత్తని బట్ట చాలు. ముద్రల మీద ఇసుక కాగితం రుద్దితే తుపాకీ విలువా పోతుంది, మీకు కావలసిన అక్షరమూ పోతుంది. వాటిలో పేరుకున్న మురికిని నూనెలో ముంచిన బ్రష్‌తో తీస్తే చాలు.

చూడవలసిన చోట్లు: బ్యారెల్ పక్కలు, సిలిండర్ పైన ఉండే పట్టీ, ఫ్రేమ్ కుడివైపు, సిలిండర్ మీద గాళ్ల మధ్య భాగం, బ్యారెల్ కింద హింజి దగ్గర.

పట్టీ మీద ‘మార్క్ 6’ అని ఉంటే అది 1915లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న .455 వెబ్లీ. మార్క్ 1 నుంచి మార్క్ 6 దాకా సైన్యానికి వెళ్లిన పెద్ద వెబ్లీలన్నీ 1887తో మొదలైన .455 వరసవే. కానీ ‘మార్క్ 4’ అన్న మాట దగ్గర ఆగండి. .455 వరసలో ఒక మార్క్ 4 ఉంది, 1899 నాటిది. తర్వాత కాలంలో వచ్చిన చిన్న .38 వెబ్లీ పేరు కూడా మార్క్ 4 నే. చేతిలో పట్టుకుంటే పరిమాణంలో తేడా తెలిసిపోతుంది గానీ, ఫోనులో డీలర్‌కు “మార్క్ 4 అండీ” అని మాత్రమే చెబితే ఆయనకు తెలియదు.

.38 వెబ్లీ మార్క్ 4 మీద తరచు ‘.38 145/200’ అని ఉంటుంది. ఈ 145, 200 బుల్లెట్ బరువులు, గ్రెయిన్లలో. పాత వాణిజ్య తూటా బుల్లెట్ 145 గ్రెయిన్లు, బ్రిటిష్ సైన్యం ఎంచుకున్న బరువైన సీసపు బుల్లెట్ 200 గ్రెయిన్లు. రెండు తూటాల గొట్టం (మందు నింపే ఇత్తడి కేసు) మాత్రం ఒక్కటే, అంటే .38 స్మిత్ అండ్ వెస్సన్. ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 కూడా 1930ల మొదట్లో ఇదే తూటాకు తయారైంది. తర్వాత యుద్ధ నియమాల గొడవ రాకుండా 178 గ్రెయిన్ల లోహపు తొడుగు బుల్లెట్‌కు మారారు.

స్మిత్ అండ్ వెస్సన్ అయితే బ్యారెల్ పక్కన తూటా పేరు ఇంగ్లిష్‌లో పూర్తిగా కొట్టి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు వెళ్లిన ‘విక్టరీ’ మోడల్ మీద ‘.38 ఎస్ అండ్ డబ్ల్యూ’ అనే ఉంటుంది. సీరియల్ నంబరు ముందు ‘వి’ అక్షరం వీటి గుర్తు. అవే తుపాకులు అమెరికా సైన్యానికి .38 స్పెషల్‌లో వెళ్లాయి. బయటికి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి బ్యారెల్ మీది మాట చదవకుండా ముందుకు పోవద్దు.

ప్రూఫ్ ముద్ర చెప్పేది

బోరు తెలిసినా పని సగమే అయింది. ఆ తుపాకీ ఏ మందుకు తట్టుకుంటుందో కూడా తేలాలి. దాన్ని పరీక్షించి కొట్టే గుర్తే ప్రూఫ్ ముద్ర. పందొమ్మిదో శతాబ్దపు రివాల్వర్లు చాలావరకు నల్లమందుకు, అంటే పొగ వచ్చే పాతకాలపు తుపాకీ మందుకు చేసినవి. పొగలేని మందు ఒత్తిడి పెరిగే తీరు వేరు. పేరు ఒకటే, గొట్టం ఒకటే అయినా, ఇప్పటి పెట్టెలోని తూటా ఆ ఇనుముకు ఎక్కువ కావచ్చు.

బ్రిటిష్ తుపాకీ మీద కిరీటం కింద ‘ఎన్‌పీ’ అని ఉంటే పొగలేని మందుతో పరీక్షించారని అర్థం. బర్మింగ్‌హామ్‌లో ఇది 1904 నుంచి కనిపిస్తుంది. తర్వాతి కాలంలో మార్కెట్లోకి వదిలిన .38 ఎన్‌ఫీల్డ్, వెబ్లీల మీద మరింత వివరంగా కొట్టారు: ‘.38 .767 3½ టన్స్’. దీన్ని చదవడం వస్తే సగం తలనొప్పి పోతుంది. మొదటిది బోరు. రెండోది గొట్టం పొడవు, అంగుళాల్లో. మూడోది చదరపు అంగుళానికి ఒత్తిడి. గొట్టం .767 అంగుళాలు, అంటే దాదాపు 19.5 మిల్లీమీటర్లు అని తుపాకీయే చెబుతోంటే, 29 మిల్లీమీటర్ల పైన ఉండే .38 స్పెషల్ దానిది కాదని తేలిపోయినట్టే. ఈ టన్నులను ఇప్పటి పెట్టెల మీది పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) అంకెలతో నేరుగా పోల్చవద్దు, కొలిచే పద్ధతులు వేరు.

బెల్జియం తుపాకుల మీద గుడ్డు ఆకారపు గీతలో ‘ఈఎల్‌జీ’, దాని కింద నక్షత్రం ఉంటే లియేజ్ పట్టణపు ప్రూఫ్. పొగలేని మందు పరీక్ష జరిగి ఉంటే సింహం బొమ్మ కింద ‘పీవీ’ ఉంటుంది. ఆ పీవీ కనిపించని ‘బుల్‌డాగ్’ జేబు రివాల్వర్‌ను నల్లమందుదిగానే లెక్కించండి. నా మట్టుకు నాకైతే అలాంటివి గోడ మీద అందంగా ఉంటాయి, పేల్చడానికి పనికిరావు.

కొలవడం

ముద్రలు అరిగిపోయినా, స్పష్టంగా ఉన్నా, కొలత మానకండి. ముద్ర కొట్టిన తర్వాత డెబ్బై ఎనభై ఏళ్లలో ఆ తుపాకీ ఎన్ని చేతులు మారిందో, ఏ మిస్త్రీ ఏం చేశాడో మనకు తెలియదు.

మొదట సిలిండర్ గది, అంటే తూటా కూర్చునే రంధ్రం, లోపలి మెట్టు. సిలిండర్ గదిలోకి వెనక నుంచి టార్చి వేసి చూస్తే, గొట్టం ఆగిపోయే చోట సన్నని ఉంగరంలాంటి మెట్టు కనిపిస్తుంది. అక్కడి నుంచి ముందుకు రంధ్రం కాస్త సన్నబడుతుంది. వెర్నియర్ కాలిపర్ చివర ఉండే లోతు కడ్డీని సిలిండర్ వెనక అంచుకు నిలువుగా ఆనించి, ఆ మెట్టు దాకా దించి చదవండి. ఆరు గదులూ కొలవండి. ఐదు ఒకలా, ఒకటి వేరుగా వస్తే దాని వెనక కథ ఉన్నట్టే. మెట్టే లేకుండా రంధ్రం సూటిగా ఉంటే ఇంకా జాగ్రత్త అవసరం. కోల్ట్ కంపెనీ 1892 నమూనాల్లో అలా ఉండేవి. పాత .38 లాంగ్ కోల్ట్‌కు చేసిన ఆ గదుల్లో .38 స్పెషలే కాదు, 35,000 పీఎస్‌ఐ దాకా పోయే .357 మ్యాగ్నమ్ కూడా దూరిపోతుంది.

తర్వాత గది వెనక నోటి వ్యాసం. .38 స్మిత్ అండ్ వెస్సన్ గొట్టం అడుగు దగ్గర 9.8 మిల్లీమీటర్లు, .38 స్పెషల్ 9.6. తేడా వెంట్రుకంత. చవక ప్లాస్టిక్ కాలిపర్‌తో ఇది పట్టుబడదు. దానికన్నా నమ్మకమైన దారి గది అచ్చు. సెర్రోసేఫ్ అనే మిశ్రమలోహం 70 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. సిలిండర్ విడదీసి, గది ముందు భాగాన్ని బట్ట ముక్కతో మూసి, వెనక నుంచి పోస్తారు. ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం మీదికి పొర్లకుండా చూసుకోవాలి. గట్టిపడ్డాక అరగంటలోపే బయటికి తోసేయాలి. మొదట కుంచించుకుపోయి, పోసిన గంటకు దాదాపు అసలు కొలతకు వచ్చి, ఆ తర్వాత మెల్లగా పెరుగుతుంది. అందుకే గంటకు కొలవాలి, మర్నాడు కాదు.

చివరికి బ్యారెల్ లోపలి కొలత. కొంచెం పెద్దదైన మెత్తని స్వచ్ఛ సీసపు ముక్కకు నూనె రాసి, ఇత్తడి కడ్డీతో మెల్లగా బ్యారెల్‌లో నెట్టి తీస్తే గాళ్ల అచ్చు పడుతుంది. ఇక్కడే చాలామంది తప్పు అంకె రాసుకుంటారు. వెబ్లీ బ్యారెల్‌లో ఏడు గాళ్లు, స్మిత్ అండ్ వెస్సన్‌లో ఐదు. బేసి సంఖ్య కాబట్టి గాడికి ఎదురుగా గాడి ఉండదు, గట్టు ఉంటుంది. కాలిపర్ దవడలు పెడితే అసలు వ్యాసం కన్నా తక్కువ చూపిస్తుంది. వి ఆకారపు మైక్రోమీటర్ ఉన్న లేత్ షాపులోనో, ఆర్మరర్ దగ్గరో కొలిపించండి. .38 స్మిత్ అండ్ వెస్సన్ బుల్లెట్ .361 అంగుళాలు, .38 స్పెషల్ .358, .455 వెబ్లీ .454 దరిదాపుల్లో.

ఎవరైనా మార్చారేమో

రెండు మార్పులు తరచు ఎదురవుతాయి.

మొదటిది .455 వెబ్లీ సిలిండర్ వెనక భాగాన్ని కోసి సన్నం చేయడం. యుద్ధం తర్వాత అమెరికాకు చేరిన వెబ్లీలకు అక్కడ .455 తూటాలు దొరక్క, సులభంగా దొరికే .45 ఏసీపీ పిస్టల్ తూటాలను చంద్రవంక క్లిప్పులతో పెట్టుకునేలా ఈ పని చేశారు. మూసిన తుపాకీలో సిలిండర్ వెనక అంచుకూ దాని వెనకున్న ఫ్రేమ్‌కూ మధ్య సందు ఎక్కువగా కనిపిస్తుంది. సిలిండర్ మీది సీరియల్ అంకెలు సగం తెగి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఇందులో .45 ఏసీపీ సరిగ్గా కూర్చుంటుంది. కానీ దాని గరిష్ఠ ఒత్తిడి 21,000 పీఎస్‌ఐ, .455ది 13,000 దగ్గర. ఫ్యాక్టరీ .45 తూటా వేయడమంటే ప్రతిసారీ దాదాపు ప్రూఫ్ పరీక్ష చేయడమే. విదేశాల్లో ఉన్న మన తెలుగువాళ్లు వేలంలో వెబ్లీ కొనేటప్పుడు అమ్మేవాడు “.45 వేసుకోవచ్చు” అంటే, ఆ మాటనే హెచ్చరికగా తీసుకోవాలి.

రెండోది .38 స్మిత్ అండ్ వెస్సన్ గదులను ముందుకు తొలిచి .38 స్పెషల్ దూరేలా చేయడం. వెనక భాగం వెడల్పుగానే ఉండిపోతుంది కాబట్టి స్పెషల్ గొట్టం లోపల వదులుగా కూర్చుని, పేలినప్పుడు ఉబ్బి, ఒక్కోసారి నిలువునా చీలుతుంది. కాల్చిన ఖాళీ గొట్టం అడుగు దగ్గర కుండలా ఉబ్బి ఉంటే కారణం ఇదే. ‘విక్టరీ’ మోడళ్లలో ఈ పని ఎక్కువగా జరిగింది.

పొరబడే జతలు

.32 దగ్గర మన దేశంలో జరిగే పొరపాటు ప్రత్యేకం. కాన్పూర్ చిన్న ఆయుధాల కర్మాగారం .32 రివాల్వర్ వెబ్లీ నమూనాలోనిదే. దాని తూటా .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్, గొట్టం 23 మిల్లీమీటర్ల పైన, కింద స్పష్టమైన రిమ్. అదే కౌంటర్ మీద ‘.32 పిస్టల్’ తూటా కూడా ఉంటుంది. అది 7.65 బ్రౌనింగ్, అంటే .32 ఏసీపీ, గొట్టం 17 మిల్లీమీటర్లు. రెండు గొట్టాల అడుగు వ్యాసం దాదాపు సమానం. పిస్టల్ తూటాకు కూడా కొద్దిగా బయటికి వచ్చిన రిమ్ ఉండటంతో రివాల్వర్ గదిలో జారి, నిలిచిపోతుంది. పొట్టి కదా, బలహీనం అనుకుంటారు. గరిష్ఠ ఒత్తిడి చూస్తే పొట్టిదానిది 20,500, పొడుగుదానిది 15,000 పీఎస్‌ఐ. పాత రివాల్వర్‌లో దీన్ని వేయకూడదు. 1878 నాటి .32 స్మిత్ అండ్ వెస్సన్ పొట్టి తూటా మాత్రం లాంగ్ గదిలో క్షేమమే. తిరగేసి చేయకూడదు, చేయబోయినా మెట్టు అడ్డుతుంది.

.380 అన్న మాటకు కనీసం రెండు ముఖాలున్నాయి. బ్రిటిష్ సైనిక తూటా అడుగున ‘.380’ అని ఉంటే అది పైన చెప్పిన ఎన్‌ఫీల్డ్, వెబ్లీల తూటా. వాణిజ్య పెట్టె మీద ‘.380 ఆటో’ అంటే రిమ్ లేని పిస్టల్ తూటా, బుల్లెట్ .355. ఒకదాని బదులు ఇంకోటి ఎప్పుడూ కాదు.

.455లో మార్క్ 1 తూటా గొట్టం 22 మిల్లీమీటర్ల దగ్గర, 1897 నాటి మార్క్ 2 ది 19 పైచిలుకు. పొట్టి మార్క్ 2 పొడుగు గదిలో పనిచేస్తుంది. ‘.455 ఆటో’ అనేది వెబ్లీ పిస్టల్ కోసం చేసిన వేరే తూటా.

పాత తూటాల పెట్టె

రివాల్వర్‌తో పాటు పాత తూటాలు దొరికితే అడుగు ముద్ర చదవండి, అది మంచి సాక్ష్యం. ‘కేఎఫ్’ అంటే పుణె దగ్గర కిర్కీ, ఇప్పటి ఖడ్కీ ఫ్యాక్టరీ. ‘కె’ ఒక్కటే ఉంటే బ్రిటన్ కైనాక్. ‘జడ్’ అక్షరం నైట్రోసెల్యులోజ్ మందును సూచిస్తుంది. కానీ సాక్ష్యంగా వాడండి, పేల్చడానికి కాదు. మన తీరప్రాంతపు ఉప్పుగాలిలో, మే నెల వేడికి రేకుల గదిలో దశాబ్దాలు ఉన్న తూటా పేలకపోవచ్చు, ఆలస్యంగా పేలవచ్చు, లేదా సగం బలంతో పేలి బుల్లెట్‌ను బ్యారెల్ మధ్యలో వదిలేయవచ్చు. ఆ మూడోది కనిపెట్టకుండా ఇంకోటి పేలిస్తే బ్యారెల్ పోతుంది. శబ్దం ‘ఫట్’ మని నీరసంగా వస్తే అక్కడే ఆపి, ఖాళీ చేసి, బ్యారెల్‌లోంచి వెలుతురు చూడాలి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే నోరు లక్ష్యం వైపే ఉంచి కనీసం ముప్పై సెకన్లు ఆగాలి. పాత సైనిక తూటాల ప్రైమర్లలోని (మందును అంటించే చిన్న మూతల్లోని) క్లోరేట్ మిగిల్చే ఉప్పు తేమను లాగి బ్యారెల్‌ను తినేస్తుంది కూడా.

తూటా తేలాక

ఖాళీ రివాల్వర్‌లో హ్యామర్ మెల్లగా వెనక్కి లాగి, సిలిండర్ ప్రతి గది దగ్గరా గట్టిగా నిలుస్తోందా, పక్కలకు ఊగుతోందా చూడండి. మూసిన బ్యారెల్‌ను హింజి దగ్గర పట్టుకుని కదిపితే టకటకలాడితే, తూటా ఎంత సరైనదైనా ఆ తుపాకీ పేల్చే స్థితిలో లేదు. గదుల మధ్య సన్నని గోడల్లో పగులు ఉందేమో భూతద్దంతో చూడండి.

ఒక కాగితం మీద ఇవన్నీ రాసుకోండి: కంపెనీ, నమూనా, సీరియల్ నంబరు, బ్యారెల్ మీది మాటలు, ప్రూఫ్ ముద్రల ఫొటోలు, ఆరు గదుల మెట్టు లోతులు, గది అచ్చు వ్యాసం, సీసపు ముక్క కొలత, చేసిన మార్పులేమైనా ఉంటే అవి. ఎన్నికల కోడ్ వచ్చి రివాల్వర్ స్టేషన్‌లో డిపాజిట్ అయి ఉన్నా ఈ కాగితం చేతిలో ఉంటుంది. దీన్నీ, లైసెన్సునూ, గది అచ్చునూ డీలర్ దగ్గరున్న ఆర్మరర్ ముందు పెట్టండి. ఆయన ఎంచిన పెట్టె మీది పేరు మీ కాగితంలోని కొలతలతోనూ ప్రూఫ్ ముద్రతోనూ కలిస్తేనే డబ్బు కట్టండి. వాటిలో ఏ ఒక్కటి కలవకపోయినా పెట్టె కౌంటర్ మీదే ఉండాలి, కొలతలు మళ్లీ మొదటి నుంచి తీయాలి.